జాతి జ్ఞాపకానికి ఒంటి రంగు: క్రయోలాన్ ఆక్వాకలర్ ఎంతవరకు నిలబడుతుంది?

రంగస్థలం మేకప్ వాళ్లకు క్రయోలాన్ ఆక్వాకలర్ కొత్తేమీ కాదు. 1945లో బెర్లిన్‌లో మొదలైన కంపెనీ చేసే గ్లిజరిన్ రంగు బిళ్ల ఇది. తడి స్పాంజితో రుద్ది ఒంటికి పూసుకోవడం, పని అయ్యాక సబ్బునీళ్లతో కడిగేసుకోవడం. నాటకానికి, నృత్యానికి దాని పనితనం మీద ఎవరికీ పెద్దగా అనుమానాల్లేవు. ఇక్కడ పరీక్షకు పెట్టింది వేరే వాడకాన్ని. దేశం, జాతి, పోగొట్టుకున్న పేరు, చంపబడ్డవాళ్ల జ్ఞాపకం లాంటివాటిని సొంత ఒంటి మీదే చూపించే పర్ఫార్మెన్స్ ఆర్ట్‌కు ఈ రంగు ఏ మేరకు పనికొస్తుందన్నదే ప్రశ్న. అక్కడ ప్రేక్షకుడు దూరంగా కుర్చీలో కూర్చోడు. పక్కనే నిలబడతాడు, ఒక్కోసారి ముట్టుకుంటాడు. ప్రదర్శన నలభై నిమిషాలే ఉండొచ్చు, ఆరు గంటలు సాగొచ్చు. మధ్యలో తెర వెనక్కి వెళ్లి సరిచేసుకునే వీలు ఉండదు.

తీర్పు ముందే చెప్పేస్తాం: ఐదుకు నాలుగు. నిలబడి గానీ నెమ్మదిగా కదులుతూ గానీ చేసే పనులకు, చివర్లో రంగు కరిగి కారిపోవాల్సిన పనులకు మా దృష్టిలో ఇదే మొదటి ఎంపిక. ఎండలో మైళ్లు నడిచే పనులకూ, ఇంకొకరి ఒంటికి ఒరుసుకునే పనులకూ వద్దు.

ఈ రంగంలో ఒంటి రంగు అనగానే గుర్తొచ్చే మనిషి సింగపూర్ కళాకారుడు లీ వెన్ (1957–2019). లండన్‌లో చదువుకునే రోజుల్లో ఆయన్ను చూసినవాళ్లు చైనా నుంచి వచ్చాడనే అనుకునేవారు. ఆ అనుభవం లోంచే 1992లో ‘పసుపు మనిషి ప్రయాణం’ మొదలైంది. డ్రాయరు ఒక్కటే ఉంచుకుని, ఒళ్లంతా ముదురు పసుపు పోస్టర్ కలర్ పూసుకుని, ఆ తర్వాత ఏళ్ల తరబడి దేశదేశాల్లో ఆ వరుసను కొనసాగించారు. ఏ మనిషి చర్మమూ ఆ రంగులో ఉండదు. ఇతరులు అంటగట్టిన ముద్రనే ఒంటికి పూసుకుని ఎదురుగా వచ్చి నిలబడితే చూసేవాడు ఏం చేస్తాడన్నదే అందులో సంగతి. (మరో జాతి చర్మపు రంగును మనం పూసుకోవడం పూర్తిగా వేరే వ్యవహారం. దానికి అవమానాల చరిత్ర ఉంది. ఏ రంగు డబ్బా సమీక్షా దాన్ని తేల్చలేదు.)

ఆయన వాడారు కదా అని ఇవాళ పోస్టర్ కలర్ కొనకండి. అది కాగితం కోసం చేసింది. అందులో సుద్ద లాంటి పదార్థం ఎక్కువ, పట్టు కోసం కలిపే జిగురు ఆరగానే బిగుసుకుపోతుంది. గోడకు అతికించిన కాగితం కదలదు, మోచెయ్యి కదులుతుంది. అందుకే ముందు మోచేతి మడతలో, మోకాలి వెనక, మెడ దగ్గర నెర్రెలు విచ్చి, పొలుసులుగా రాలుతుంది. ఆ వెనకే దురద. డబ్బా మీద విషం లేదని రాసి ఉన్నంత మాత్రాన గంటల తరబడి చర్మం మీద ఉంచుకోవచ్చని కాదు. యాక్రిలిక్ అయితే ఇంకా అన్యాయం. ప్లాస్టిక్ పొరలా ఒంటి వెంట్రుకలను పట్టేసి, ఊడదీసేటప్పుడు వాటినీ పీక్కుని వస్తుంది.

ఆక్వాకలర్ ఈ గొడవ పెట్టదు. గ్లిజరిన్ తేమను వదలదు, కాబట్టి పూత మెత్తగానే ఉండి చర్మంతోపాటే మడతపడుతుంది. అయితే పూర్తిగా ఆరని పూత ఇంకో వస్తువుకు అంటుకుంటుంది, నీటి చుక్క తగిలితే మళ్లీ కరుగుతుంది. దాని గుణమూ దోషమూ రెండూ ఆ ఒక్క పదార్థంలోనే ఉన్నాయి.

అందుకే ఇలాంటి పనికి రంగు ఎంచుకునే ముందు, ప్రదర్శన ముగిసేసరికి అది ఒంటి మీంచి ఎలా పోవాలో తేల్చుకోవాలి. నెర్రెలిచ్చి రాలాలా? అయితే చర్మానికి వాడే కేయోలిన్ మట్టి తీసుకుని, నీళ్లతో చిక్కగా కలిపి పట్టించండి. మందం పెరిగేకొద్దీ నెర్రెలు పెద్దవవుతాయి, నాలుగు చుక్కల గ్లిజరిన్ కలిపితే తగ్గుతాయి. రోజుల తరబడి మరకగా మిగలాలా? అయితే గోరింట. మొరాకోలో పుట్టిన లల్లా ఎస్సైదీ తన ఛాయాచిత్రాల కోసం స్త్రీల ఒంటి మీదా బట్టల మీదా రాసిన అక్షరాలు దానితో రాసినవే. కానీ నల్లగోరింట పేరుతో అమ్మేదాని జోలికి పోవద్దు, అందులో కలిపే పీపీడీ అనే రసాయనం చర్మాన్ని బొబ్బలెక్కిస్తుంది. కారి పోవాలంటే, లేదా పనంతా అయ్యాక ఏమీ జరగనట్టు శుభ్రంగా కడుక్కుపోవాలంటే ఆక్వాకలర్.

ఎంత కొనాలన్న లెక్కలో చాలామంది బోల్తాపడతారు. కాలిన గాయాలను అంచనా వేసే డాక్టర్ల పద్ధతి ఇక్కడ చక్కగా పనికొస్తుంది. వేళ్లతో సహా మన అరచెయ్యి ఒంటి మొత్తం వైశాల్యంలో దాదాపు 1 శాతం. ఒక్కో చెయ్యి 9, ఒక్కో కాలు 18, మొండెం ముందు భాగం 18, వెనక భాగం 18, తల 9. డిజిటల్ త్రాసు మీద బిళ్లను డబ్బాతో సహా తూచి, ఒక చేతికి భుజం నుంచి వేళ్ల దాకా పూర్తిగా పూయండి. బిళ్ల బాగా ఆరాక, మర్నాడు, మళ్లీ తూచండి. తడిగా ఉండగానే తూస్తే పీల్చుకున్న నీళ్ల బరువు కలిసి లెక్క తప్పుతుంది. తేడాను 9తో భాగిస్తే ఒక అరచేతి మేరకు ఎంత ఖర్చవుతుందో తేలుతుంది. ఉదాహరణకు చేతికి 2.7 గ్రాములు పట్టిందనుకుందాం. అరచేతికి 0.3 గ్రాములు. డ్రాయరు, తల వెంట్రుకలు, అరికాళ్లు తీసేస్తే దాదాపు 85 అరచేతులు, అంటే ఒక పూతకు 25.5 గ్రాములు. మధ్యలో సరిదిద్దుకోవడానికి మూడో వంతు అదనంగా కలిపితే 34. మీ చర్మానికి, మీ స్పాంజికి ఈ అంకెలు మారతాయి, లెక్క మాత్రం ఇదే. ఒక రంగును రెండుసార్లుగా కొనకుండా ఒకేసారి తెచ్చుకోవడం మంచిది.

కనీసం 48 గంటల ముందు మోచేతి లోపలి వైపు రూపాయి బిళ్లంత పూసి, కొన్ని గంటలు ఉంచి కడిగి, ఆ రెండు రోజులూ చర్మాన్ని గమనించండి. ఎరుపెక్కినా దురద పుట్టినా ఆ రంగు వద్దు. ఒంటి వెంట్రుకలు గీసుకునే పని ముందురోజే అయిపోవాలి. అదే రోజు గీసుకున్న చర్మం మీద ఏ రంగయినా మండుతుంది. స్నానం చేశాక నూనె, లోషను ఏదీ రాయకూడదు, జిడ్డు మీద నీటి రంగు పట్టదు.

ఇక పూత. స్పాంజిని గోరువెచ్చని నీటిలో ముంచి, చుక్క కారనంతగా పిండి, బిళ్ల మీద ఇరవై ముప్ఫై సార్లు గుండ్రంగా తిప్పండి. నురగ వచ్చిందంటే నీళ్లు ఎక్కువయ్యాయని అర్థం. ఆ స్పాంజితో పూస్తే చారలు చారలుగా జారుతుంది. స్పాంజి చర్మాన్ని పట్టి లాగుతుంటే నీళ్లు చాలలేదు. ముంజేతి వెనక ఒక్కసారి లాగి చూడండి, గీతకు రెండు అంచులా ఒకే ముదురు ఉంటే పాకం కుదిరినట్టే. మొదటి పూతను లాగుతూ పూయొచ్చు. రెండోదాన్ని అద్దాలే గాని లాగకూడదు. లాగితే కింది పూత కరిగి స్పాంజికి వచ్చేస్తుంది, చర్మం మీద బట్టతల లాంటి మచ్చలు పడతాయి. కొత్తవాళ్ల పూతలు చెడిపోయేది ఎక్కువగా ఈ రెండో పూతలోనే.

మడతల్లో ఒక కిటుకుంది. మోచెయ్యి వెనక భాగానికి చేతిని మడిచి పూయాలి, లోపలి భాగానికి చాచి పూయాలి. మెడకు గడ్డం పైకెత్తి, మోకాలి వెనక్కి కాలు చాపి, వేళ్ల మధ్యకు వేళ్లు విడదీసి. చర్మం సాగి ఉన్నప్పుడు పూస్తే ముడత లోపలికీ రంగు వెళ్తుంది. అలా చేయకపోతే, పది నిమిషాలు నిలబడ్డ మనిషి చెయ్యి చాచగానే మోచేతి మడతలో సన్నగా అసలు చర్మం గీతలా బయటపడుతుంది. దగ్గర నుంచి చూసేవాళ్ల కళ్లు మిగతా ఒళ్లంతా వదిలేసి అక్కడికే పోతాయి.

వీపుతో మొదలుపెట్టి, చేతులు చివరికి ఉంచుకోండి. అరికాళ్లకు పూయొద్దు, నున్నటి నేల మీద జారతారు. ఇద్దరు సాయం పట్టినా ఒళ్లంతా పలుచగా పూయడానికి ముప్పావుగంట నుంచి గంట పెట్టుకోవాలి. తడి ఆరేటప్పుడు ఒళ్లు చల్లబడి వణుకు పుడుతుంది కాబట్టి గది వెచ్చగా ఉండాలి. ఒళ్లంతా రంగు పూస్తే చర్మానికి ఊపిరాడక మనిషి చనిపోతాడన్న భయం మాత్రం అక్కర్లేదు, మనం చర్మంతో ఊపిరి పీల్చం. అసలు జాగ్రత్త వేడి విషయంలో. మందపాటి పూత, పైన లైట్లు, మూసిన గది కలిస్తే ఒంటి వేడి బయటికి పోవడం కష్టమవుతుంది. నీళ్లు తాగే ఏర్పాటూ, తల తిరిగితే ఆపేసే సైగా ముందే అనుకోండి.

గోధుమ రంగు, నలుపు చర్మం మీద పసుపు పూయడం ఈ సమీక్షలో అన్నిటికంటే కష్టమైన పరీక్ష. నిమ్మపసుపు లాంటి మెరిసే పసుపులు పలుచన, కింది చర్మం కనబడి ఆకుపచ్చగానో బురదగానో తేలతాయి. ముందు తెల్లటి పూత వేస్తే సరిపోతుందనుకుంటారు. కానీ గ్లిజరిన్ మీద గ్లిజరిన్ కదా, పసుపు తడికి తెలుపు కరిగి రెండూ కలిసి సున్నం కొట్టిన గోడలా పాలిపోతుంది. విరుగుడు ఇది: తెలుపును బాగా పలుచగా అద్ది, అయిదు నిమిషాలు ఆరనిచ్చి, రంగులేని పౌడరు అద్ది, ఊడిపోయేదాన్ని మెత్తటి కుంచెతో దులిపి, అప్పుడు పసుపును దాదాపు పొడి స్పాంజితో అద్దడం. ఇంత ఓపిక లేకపోతే ఐరన్ ఆక్సైడుతో చేసిన మట్టిపసుపు ఎంచుకోండి. మెరుపు తక్కువ, కానీ ఒక్క పూతకే చర్మాన్ని కప్పేస్తుంది.

అక్షరాలు రాసే పనికి ఆక్వాకలర్ ఒక్కటే చాలదు. న్యూయార్క్‌లో ఉంటూ చైనా కళాకారుడు జాంగ్ హువాన్ 2000లో చేసిన ‘వంశవృక్షం’ ఇక్కడ మంచి పాఠం. పొద్దుట్నుంచి లిపికారులు ఆయన ముఖం మీద సామెతలు, కథలు, ముఖ సాముద్రికానికి చెందిన మాటలు రాస్తూ పోతారు. తొమ్మిది ఛాయాచిత్రాల వరుసలో చివరికి వచ్చేసరికి ముఖమంతా నల్లటి ముద్ద. మాటలు పేరుకుని మనిషే కనబడకుండా పోతాడు. అలాంటి పనిలో ఒక అక్షరం మీద ఇంకో అక్షరం పడినా కింది గీత చెదరకూడదు. గ్లిజరిన్ రంగులో చెదురుతుంది. నేపథ్యానికి ఆక్వాకలర్ పూసి, పౌడరు అద్ది, అక్షరాలకు మైనం పాలు ఎక్కువున్న నీటి రంగు వాడండి. అది ఆరాక త్వరగా కరగదు, అంచులు పదునుగా నిలుస్తాయి. పాళీ కలాలకు వాడే ఇండియన్ ఇంకు చర్మానికి చేసింది కాదు, వద్దు. తెలుగులో రాసేవాళ్లకు ఒక మాట: మన గుండ్రటి అక్షరాలు భుజం, పొట్ట మీద హాయిగా కూర్చుంటాయి గాని, తలకట్టు దగ్గర కుంచె ఆగి రంగు ముద్ద కడుతుంది. 3 మిల్లీమీటర్ల గుండ్రటి కుంచెతో తలకట్టు ముందు పెట్టి, ఒళ్లు తర్వాత చుట్టండి.

కావలసింది ఛాయాచిత్రమే అయితే చర్మం మీద రాయాల్సిన పని కూడా లేదు. ఇరాన్‌లో పుట్టిన షిరిన్ నెషాత్ 1990లలో చేసిన ‘అల్లా స్త్రీలు’ వరుసలో ముఖాల మీద, చేతుల మీద కనిపించే పారశీక అక్షరాలు ఫొటో ప్రింటు మీద సిరాతో రాసినవి.

చెరిగిపోవడమే ప్రదర్శన అయిన చోట మాత్రం ఆక్వాకలర్‌కు సాటి లేదు. ఇండోనేషియా కళాకారుడు ఎఫ్.ఎక్స్. హర్సోనో 2011లో చేసిన ‘వానలో రాయడం’ వీడియోలో గాజుపలక మీద తన చైనా పేరును కుంచెతో మళ్లీ మళ్లీ రాస్తుంటారు. పైనుంచి నీళ్లు పడి పేరు కారిపోతున్నా రాస్తూనే ఉంటారు. 1966 తర్వాత ఇండోనేషియాలో చైనా సంతతివాళ్లు పేర్లు మార్చుకోవాల్సి వచ్చిన చరిత్ర దాని వెనక ఉంది. ఆయన రాసింది గాజు మీద. అలాంటి పని ఛాతీ మీద చేయదలిస్తే పౌడరు అద్దొద్దు, రంగు చెదరకుండా పట్టి ఉంచే ఫిక్సర్ స్ప్రే కొట్టొద్దు. స్ప్రే బాటిల్‌తో కంఠం కింది ఎముకల దగ్గర సన్నటి తుంపర కొడితే, నీళ్లు కాసేపు ఆ గుంటలో నిలిచి, ఒక్కసారిగా రొమ్ము ఎముక మీదుగా జారతాయి. సన్నగీతలు ముందు పోతాయి, కుంచె ఆగిన చోట్లు చివరి దాకా ఉంటాయి. పేరులో చివరిదాకా నిలవాల్సిన అక్షరం ఏదో అనుకుని, దాన్ని లావుగా రాసుకోండి.

ఇక్కడే డబ్బా వెనక పదార్థాల జాబితా చదవాలి. రంగులకు సి.ఐ. (కలర్ ఇండెక్స్) అన్న అక్షరాల తర్వాత అయిదంకెల సంఖ్య ఉంటుంది. 77తో మొదలయ్యేవి ఖనిజ రంగులూ బొగ్గునలుపూను: 77491 ఎర్ర ఐరన్ ఆక్సైడు, 77492 పసుపు, 77499 నలుపు, 77891 టైటానియం తెలుపు. ఇవి చర్మంలోకి ఇంకవు, కడిగితే పోతాయి. చిన్న అంకెలతో మొదలయ్యే సేంద్రియ రంగుల్లో కొన్ని, ముఖ్యంగా మెరిసే గులాబి, నీలం, కడిగాక కూడా చర్మం మీద నీడలా మిగులుతాయి. పేరు పూర్తిగా తుడిచిపెట్టుకుపోవాలంటే 77 చూసుకుని కొనండి. తుడిచినా ఆనవాలు మిగలాలంటే రెండో రకం. ఏ రంగునూ పెదవులకు, కనురెప్పలకు పూసే ముందు ఆ చోట్లకు అనుమతి ఉందో లేదో చూడండి. అమెరికా నిబంధనల్లో క్రోమియం ఆక్సైడు ఆకుపచ్చలు, అల్ట్రామెరైన్ నీలం పెదవులకు పనికిరావు.

ఒక మార్కు కోసింది చెమటకీ రాపిడికీ. పౌడరు, స్ప్రే రెండూ వాడినా చంకలు, నడుము, తొడల లోపలి వైపు ముందుగా వదిలేస్తాయి. ఎవరైనా కౌగిలించుకుంటే సగం రంగు వాళ్ల చొక్కాకు పోతుంది (అదే ప్రదర్శనలో భాగమైతే సరే, అప్పుడు లేత రంగు బట్టలతో రమ్మని ముందే చెప్పండి). వీధి నడకకైతే ఆల్కహాలుతో కరిగే రంగులు నిలబడతాయి. కానీ పూసేటప్పుడు మంట, వాసన, దగ్గర్లో నిప్పు ఉండకూడదన్న నియమం, తీయడానికి వేరే ద్రవం. ఒళ్లంతా అది పూసుకోమని మేం చెప్పం. ముఖం, చేతులకు అది, మిగతాదానికి ఆక్వాకలర్ అనుకుంటే నయం.

అడుగుజాడల పనికీ ఈ బిళ్ల తగదు. గ్వాటెమాలా కళాకారిణి రెజీనా హోసే గలిందో 2003లో గ్వాటెమాలా నగరంలో రాజ్యాంగ న్యాయస్థానం నుంచి నేషనల్ ప్యాలెస్ దాకా నడిచారు. చేతిలో మనిషి నెత్తురు ఉన్న బేసిన్. అందులో పాదాలు ముంచుతూ, దారి పొడవునా ఎర్రటి జాడలు వదులుతూ. మాజీ నియంత రియోస్ మోంత్‌ను అధ్యక్ష ఎన్నికల్లో పోటీకి అనుమతించినందుకు ఆ నిరసన. నెత్తురు వాడటం రోగాల రీత్యా ప్రమాదకరం, ఎవరూ అనుకరించొద్దు. రంగుతో జాడలు కావాలంటే బిళ్లను కరిగించడం దండగ, ద్రవరూపంలో వచ్చే ఒంటి రంగు తీసుకోండి. పళ్లెంలో అరికాలు తడిసేంతే పోయాలి. మడమ మునిగితే మొదటి మూడు అడుగులు మడుగులై, జారిపడతారు. ఎన్ని అడుగులకోసారి ముంచాలో అదే నేల మీద ముందుగా నడిచి చూసుకోండి. గరుకు రాయి రంగును త్వరగా పీల్చేస్తుంది, పాలరాయి మీద అదే రంగు చాలా దూరం సాగుతుంది.

ఫొటోలు తీసేవాళ్లకు: గ్లిజరిన్ వల్ల పూత కొద్దిగా మెరుస్తుంది. ఎదురుగా ఫ్లాష్ కొడితే నుదురు, భుజాలు తెల్లగా పేలిపోతాయి. పక్క నుంచి మెత్తటి వెలుతురు పెట్టి, రంగు పూయకముందే గ్రే కార్డు మీద వైట్ బ్యాలెన్స్ సరిచేసుకోండి. ఆటోలో వదిలేస్తే ఫ్రేము నిండా ఉన్న పసుపును చూసి కెమెరా దాన్ని చల్లార్చేస్తుంది.

కడుక్కునేటప్పుడు ముందే నీళ్లు పోసుకోకండి. పొడి ఒంటి మీదే ద్రవ సబ్బు రాసి, అరచేతులతో రుద్ది, రంగు వదులయ్యాక గోరువెచ్చని నీళ్లు. ముందే నీళ్లు పోస్తే రంగు కారి గోళ్ల సందుల్లో, బొడ్డులో, చెవుల వెనక చేరుతుంది. మిగిలిన మరకలకు నూనె రాసి పది నిమిషాలాగి మళ్లీ సబ్బు. పీచుతో తోమితే మరక పోదు, చర్మం రేగుతుంది, మర్నాడు మళ్లీ ప్రదర్శన ఉంటే ఆ చర్మం మీదే పూయాలి.

బిళ్ల దాచేటప్పుడు తడి ఆరకుండా మూత పెట్టొద్దు, బూజు పడుతుంది. పై పొరను తడి గుడ్డతో తుడిచి, రాత్రంతా మూత తీసి ఉంచి, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలు తుంపర కొట్టి, అది ఆరాకే మూయండి. ఇద్దరికి పూస్తుంటే ఎవరి స్పాంజి వారిదే. బిళ్లనుంచి కావలసినంత రంగు ముందుగా గీరి రెండు పళ్లేల్లో వేసుకుంటే, ఒకరి చర్మాన్ని తాకిన స్పాంజి అసలు డబ్బాలోకి వెళ్లే పనే ఉండదు.